తెల్ల కాగితం మీద వేలిముద్ర

సంక్రాంతికి ధాన్యం డబ్బు చేతికి అందింది మొదలు తొలకరి చినుకు పడేదాకా మన డెల్టా గ్రామాల్లో తాపీమేస్త్రీలకు తీరిక ఉండదు. కారుతున్న శ్లాబు బాగుచేయించడం, పాత పెంకుటింటి మీద రేకులు వేయించడం, నెర్రె ఇచ్చిన గోడకు సిమెంటు పూయించడం, పెరటి చివర ఉన్న మరుగుదొడ్డిని ఇంటికి ఆనించి కట్టించడం - ఇవీ ఆ పనులు. పనులు చిన్నవే. చేయించేవారిలో మాత్రం చాలామంది అరవై అయిదు, డెబ్బై దాటినవారు. పిల్లలు విజయవాడలోనో, హైదరాబాదులోనో, అమెరికాలోనో ఉంటారు. డబ్బు పంపుతారు. "ఎవరైనా మంచి మనిషిని చూసి చేయించెయ్యి నాన్నా" అని ఫోనులో చెబుతారు. ఆ మంచి మనిషి ఎంతకు ఒప్పుకున్నాడు, ఏమేమి చేస్తానన్నాడు, ఎన్నాళ్లలో ముగిస్తానన్నాడు అనే సంగతి ఒక్క ముక్క కాగితం మీద ఉండదు.

ఈ పనులకు మన ప్రాంతంలో కొరత వచ్చే ప్రసక్తి లేదు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచెత్తిన ఉప్పెన తరువాత పూరిళ్ల స్థానంలో ప్రభుత్వమూ, స్వచ్ఛంద సంస్థలూ శ్లాబు ఇళ్లు కట్టించాయి. సుమారు పదివేల మందిని పొట్టనబెట్టుకున్న ఆ రాత్రి తరువాత, తలమీద శ్లాబు ఉంటే ప్రాణానికి భయం లేదన్న నమ్మకం కలిగి, చేతిలో నాలుగు డబ్బులున్నవారు తామే కట్టుకున్నారు. ఆనాటి శ్లాబులకు ఇప్పుడు నలభై, యాభై ఏళ్లు. బందరు నుంచి కోడూరు, నాగాయలంక దాకా వీచే ఉప్పుగాలికి లోపలి ఊచ తుప్పు పట్టి ఉబ్బుతుంది, కింది సిమెంటు పెచ్చులై రాలుతుంది. గుడివాడ వైపు తంటా వేరు. అక్కడి నల్లరేగడి వానకు ఉబ్బి, ఎండకు బీటలు వారుతుంది. పునాది లోతు చాలని గోడ దానితోపాటు కదులుతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద నందివాడ పరిసర గ్రామాలను ముంచినప్పుడు ఎన్నో గోడలు రోజుల తరబడి నీళ్లలో నానాయి. కనుక అవసరం నిజమైనదే. అవసరం నిజమైనది కాబట్టే మోసానికి చోటు దొరుకుతున్నది.

దివిసీమలో ఒక ఊరు, అందులో ఒంటరిగా ఉంటున్న డెబ్బై రెండేళ్ల వితంతువు అనుకుందాం. శ్లాబు పెచ్చులు రాలుతున్నాయి. ఒక ఉదయం మోటారు సైకిలు మీద ఇద్దరు వస్తారు. "మామ్మగారూ, వచ్చే తుపానుకు ఇది మీ మీద పడుతుంది, మంచం వరండాలోకి మార్చుకోండి" అని ముందు భయపెడతారు. పక్క ఊళ్లో పది ఇళ్లకు చేశామని సెల్‌ఫోనులో బొమ్మలు చూపిస్తారు. లక్షా యాభై వేలు అంటారు, ఆమె ముఖం చూసి లక్షా ఇరవైకి దిగుతారు. ఈరోజే బయానా ఇస్తేనే ఆ రేటు. ఆమె పోస్టాఫీసులో దాచుకున్న డబ్బు తీసి ఎనభై వేలు చేతిలో పెడుతుంది. మిగతాదానికి నమ్మకం కోసం అంటూ ప్రోనోటు మీద వేలిముద్ర వేయించుకుంటారు. మూడు రోజులు పని చేసి, శ్లాబు అడుగున బూడిదరంగు మందు పూసి, ఇంకా సామాను రావాలని వెళతారు. తరువాత ఫోను ఎత్తరు. ఆషాఢంలో శ్లాబు మళ్లీ కారుతుంది. కార్తీకంలో ప్రోనోటు పట్టుకుని వేరొకడు వస్తాడు.

ఇది కల్పించి చెప్పిన సంగతే. కానీ చదువరులలో చాలామందికి ఇందులో ఏదో ఒక భాగం తెలిసిన ఇంట్లో జరిగినట్టే అనిపిస్తుందని మా అనుమానం. బయటికి రాకపోవడానికి కారణం కూడా తెలిసినదే. మోసపోయిన పెద్దవారు ముందుగా దాచేది తమ పిల్లల దగ్గర. "నీకు చేతకాదు, ఇంక నువ్వు డబ్బు ముట్టుకోకు" అని కొడుకు అంటాడేమో, ఇల్లు అమ్మేసి వచ్చెయ్యమంటాడేమో అన్న భయం వారిది. పోయిన ఎనభై వేల కంటె ఆ మాట వారికి బరువు.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఊళ్లో పుట్టి, ఊళ్లోనే పనిచేసే మేస్త్రీల మీద నింద వేయడం మా ఉద్దేశం కాదు. వారిలో అధికులు చెప్పిన మాటకు కట్టుబడి పనిచేసేవారే. పని అయ్యాక ఆసామి డబ్బు ఎగవేస్తే తిరిగి తిరిగి చెప్పులు అరిగిన మేస్త్రీలూ ఉన్నారు. ఇసుక దొరకక పని ఆగినా, మధ్యలో ఆసామి ఇంకో రెండు గూళ్లు కట్టమని అడిగినా, ఆ తేడా ఎవరు భరించాలన్న తగాదా చివరికి కూలీల మీదే పడుతుంది. కాగితం ఉంటే వారికీ రక్షణే. ఒప్పందం రాద్దామంటే తనను అనుమానిస్తున్నారని మేస్త్రీ అనుకోవడం, అడిగితే బాగుండదేమోనని పెద్దవారు మొహమాటపడటం - ఈ రెండూ పోవాలి. కౌలుకు పొలం ఇచ్చేటప్పుడు, పాడిగేదెను కొనేటప్పుడు పెద్దమనుషుల మధ్య మాట అనుకునే మనకు, లక్ష రూపాయల ఇంటి పనికి ఆ పాటి జాగ్రత్త ఎందుకు ఉండరాదు?

చట్టం లేదా అంటే ఉన్నది. 1986లో పార్లమెంటు వినియోగదారుల రక్షణ చట్టం చేసింది. ఇల్లు కట్టడం ఆ చట్టం కిందికి వచ్చే సేవేనా అన్న సందేహం కొంతకాలం ఉండేది. 1993లో చట్టాన్ని సవరించి ఇళ్ల నిర్మాణాన్ని సేవల జాబితాలో చేర్చారు. అదే సంవత్సరం నవంబరులో లక్నో అభివృద్ధి సంస్థ కేసులో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పి, సర్కారు సంస్థ అయినా సరే నాసిరకం పనికి జవాబు చెప్పాలని తీర్పు ఇచ్చింది. పాత చట్టం స్థానంలో 2019లో కొత్త చట్టం చేశారు. అది 2020 జూలై 20 నుంచి అమలులో ఉంది. కొత్త చట్టంలోనూ ఇళ్ల నిర్మాణం సేవే. రశీదు ఇవ్వకపోవడం అక్రమ వ్యాపార పద్ధతి అని అందులో రాసి ఉంది. ఏ పరీక్షా చేయకుండా "పదేళ్లు గ్యారంటీ" అని కార్డు చేతిలో పెట్టడం కూడా అటువంటిదే.

అయితే ఒక తేడా గ్రహించాలి. పని గుత్తకు ఒప్పుకుని, డబ్బు తీసుకుని, సరిగా చేయకపోతే అది సేవాలోపం. అలాకాక ఇంటి యజమాని తానే పక్కన నిలబడి, రోజుకింత అని కూలి ఇచ్చి, తన ఇష్టప్రకారం చేయించుకుంటే అది నౌకరీ వంటిది. దానికి ఈ చట్టం వర్తించదనే వాదం వస్తుంది. మన ఊళ్లలో సగం పని గుత్త, సగం రోజుకూలి అన్నట్టు సాగుతుంది కనుక, గుత్త అయితే గుత్త అని కాగితం మీద రాసుకోవడం అవసరం. సామాను ఎవరిదో కూడా రాయాలి. సామాను మీరు తెచ్చి, పని మాత్రం అతడు చేస్తే, రేపు శ్లాబు కారినప్పుడు "మీ సిమెంటే మంచిది కాదు" అనడానికి అతనికి వీలుంటుంది.

ఫిర్యాదు చేసేందుకు దూరం పోనక్కర లేదు. జిల్లా వినియోగదారుల కమిషన్ బందరులోనే ఉంది. ఇచ్చిన సొమ్ము యాభై లక్షలు దాటని తగాదాలన్నీ జిల్లా కమిషన్ వినవచ్చు. అయిదు లక్షల లోపు అయితే రుసుం ఏమీ లేదు. వకీలు పెట్టుకోవాలన్న నియమమూ లేదు. తెల్ల కాగితం మీద జరిగింది జరిగినట్టు రాసి, రశీదుల నకళ్లు జతపరిస్తే చాలు. మోసం చేసినవాడు గుంటూరువాడైనా, హైదరాబాదువాడైనా సరే, మీరు ఉంటున్న జిల్లాలోనే ఫిర్యాదు వేయవచ్చు. ఇది 2019 చట్టం తెచ్చిన మేలు. అంతకుముందు ఎదుటివాడు వ్యాపారం చేసే చోటికో, పని జరిగిన చోటికో వెళ్లవలసి వచ్చేది. కాలూచేయీ ఆడనివారు వీడియో ద్వారా విచారణకు హాజరవుతామని కోరవచ్చు. 2025లో ప్రారంభమైన ఈ-జాగృతి ద్వారా ఫిర్యాదును కంప్యూటరులోనే దాఖలు చేయవచ్చు. కూతురో కొడుకో ఎక్కడున్నా ఆ పని చేసి పెట్టగలరు. తొలి సలహా కోసం 1915 నంబరుకు ఫోను చేస్తే తెలుగులోనూ మాట్లాడతారు.

ఒకే జట్టు ఊళ్లో పది ఇళ్లను ముంచి ఉంటే పదిమందీ కలిసి, కమిషన్ అనుమతితో, ఒకే ఫిర్యాదు వేయడానికి చట్టం ఒప్పుకుంటుంది. ఫిర్యాదీ మధ్యలో కన్నుమూస్తే వారసులు దాన్ని కొనసాగించవచ్చు. ముసలివారు "నేను ఉన్నన్నాళ్లు తేలుతుందా" అని వెనకాడుతుంటారు కాబట్టి ఈ సంగతి వారి చెవిన వేయాలి. తీర్పు వచ్చాక డబ్బు కట్టనివాడికి నెల నుంచి మూడేళ్ల వరకు జైలు గాని, పాతిక వేల నుంచి లక్ష వరకు జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు.

ఇంత ఉన్నా మన గ్రామాల నుంచి బందరు మెట్లెక్కేవారు ఎందరు? మూడు నెలల్లో తేల్చాలని చట్టంలో ఉన్నా, ఆచరణలో వాయిదాలు అంతకు మించి సాగుతాయన్నది దాచవలసిన సంగతి కాదు. కాని అసలు అడ్డంకి అది కాదని మా అభిప్రాయం. రుజువు లేకపోవడం అసలు అడ్డంకి. ఎవరికి ఇచ్చారమ్మా అంటే పేరులో సగం తెలుసు, ఊరు తెలియదు. ఎంత ఇచ్చారంటే నోట్లు ఇచ్చాం, లెక్క గుర్తుంది, రశీదు లేదు. ఏం చేస్తానన్నాడంటే "బాగా చేస్తానన్నాడు". ఇటువంటి ఫిర్యాదును ఎంత దయగల అధికారి అయినా ఏం చేయగలడు? రెండేళ్ల గడువు కూడా ఉంది. ఆ గడువు దాటాక వస్తే ఆలస్యానికి తగిన కారణం చూపాలి.

ప్రోనోటు సంగతి వేరుగా చెప్పాలి, ఎందుకంటే ఈ జిల్లాలో ప్రోనోటు రాయడం కాఫీ తాగినంత తేలిక అయిపోయింది. 1881 నాటి చట్టం ప్రకారం, స్టాంపు అంటించిన కాగితం మీద సంతకం చేసి ఖాళీగా ఇస్తే, పుచ్చుకున్నవాడికి దాన్ని నింపుకునే అధికారం ఇచ్చినట్టే లెక్క. సొమ్ము ముట్టలేదని రుజువు చేసే భారం సంతకం చేసినవారి మీదే పడుతుంది. ఖాళీ చెక్కు కూడా అంతే. సంతకం తనదని ఒప్పుకుని, తానుగా ఇచ్చిన చెక్కు అయితే అంకె వేరొకరు వేసినా అప్పు ఉన్నట్టే భావించాలని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది. ఇంటి పనికి ప్రోనోటు ఎందుకు? పని అయ్యాక ఇచ్చే డబ్బుకు ముందుగా అప్పు పత్రం రాయడంలో అర్థం లేదు. ఎవరు అడిగినా ఇవ్వకూడదు. ఇప్పటికే ఇచ్చి ఉన్నవారు వెంటనే, పని ఎక్కడ ఆగిందో, ప్రోనోటు ఎందుకు ఇచ్చారో తెలుపుతూ ఎదుటివాడికి రశీదుతో రిజిస్టరు ఉత్తరం పంపి, నకలు దాచుకోవాలి. దావా పడ్డాక చెప్పే మాట కంటె ముందు రాసిన ఉత్తరానికి విలువ ఎక్కువ.

పాత చట్టాలన్నీ ముసలివారికి వ్యతిరేకమని అనుకోనక్కర లేదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టంలోనే, వయస్సు వల్లనో, రోగం వల్లనో, దుఃఖం వల్లనో మనస్సు తాత్కాలికంగానైనా స్థిమితంగా లేని మనిషితో చేసుకున్న ఒప్పందం గురించి ఒక నియమం ఉంది. అటువంటి మనిషిని లొంగదీసుకునే స్థానంలో ఎదుటివాడు ఉన్నట్టు భావించాలి. ఒప్పందం చూడగానే అన్యాయంగా కనిపిస్తే, అది ఒత్తిడితో చేయించింది కాదని రుజువు చేసుకునే భారం అతని మీదే ఉంటుంది. భర్త పోయిన నెలకే శ్లాబు పని ఒప్పించి వేలిముద్ర వేయించుకున్నవాడికి ఈ సెక్షన్ చదివి వినిపించాలి. ఇది తెల్లవారు పెట్టిన చట్టమే అయినా, మనిషి బలహీనతను మన కొత్త చట్టాల కంటె సూటిగా గుర్తించింది. 2007లో వచ్చిన వృద్ధుల పోషణ చట్టం ఉంది కదా, ఆర్డీవో గారి దగ్గరికి వెళితే సరిపోదా అని కొందరు అడుగుతున్నారు. ఆ చట్టం పిల్లలు చూడనప్పుడు మనోవర్తి కోసం, చూస్తామని ఆస్తి రాయించుకుని వదిలేసినప్పుడు ఆ దస్తావేజు రద్దు కోసం. మేస్త్రీతో, కాంట్రాక్టరుతో తగాదా అందులోకి రాదు.

ఇక పని సంగతి. తమకు ఏమీ తెలియదని పెద్దవారు అనుకోవడం వల్లనే సగం మోసం జరుగుతుంది. నిజానికి కొన్ని పరీక్షలకు చదువు అక్కర లేదు, కాటా చాలు. పన్నెండు ఎం.ఎం. ఊచ మీటరుకు సుమారు 890 గ్రాములు తూగాలి. అంటే పన్నెండు మీటర్ల పూర్తి ఊచ దాదాపు పది కిలోల ఏడు వందల గ్రాములు. పది ఎం.ఎం. అయితే సుమారు ఏడు కిలోల నాలుగు వందలు, ఎనిమిది ఎం.ఎం. అయితే నాలుగు కిలోల ఏడు వందల చిల్లర. తూకంలో కాస్త ఎక్కువ తక్కువలు ఉంటాయి గాని, పన్నెండు అని చెప్పి తెచ్చిన ఊచ తొమ్మిది కిలోలే తూగితే అది పన్నెండు కాదు. సిమెంటు బస్తా మీద తయారైన వారమూ సంవత్సరమూ అచ్చువేసి ఉంటాయి. మూడు నెలలు దాటిన బస్తాకు బలం తగ్గుతుంది. ఇసుక గుప్పెడు తీసి గ్లాసు నీళ్లలో కలిపి, తేరిన నీటిని నాలుక మీద వేసుకుంటే ఉప్పు ఉన్నదీ లేనిదీ తెలుస్తుంది. దివిసీమలో చాలాచోట్ల బోరు నీరే ఉప్పన. తాగడానికి పనికిరాని నీరు శ్లాబుకూ పనికిరాదు. కాలువ నీరో, ట్యాంకరు నీరో తెప్పించే ఖర్చు ఎవరిదో ముందే అనుకోవాలి. శ్లాబు పోసిన తరువాత కనీసం వారం పది రోజులు నీళ్లు పట్టాలి. ఆ పని ముసలివారు ఎక్కి చేయలేరు కనుక అదీ గుత్తలోనే కలిపి రాయించాలి.

పెచ్చులు రాలిన శ్లాబుకు మందు పూసి బాగైందని చెప్పడం మన తీరప్రాంతంలో ప్రబలిన మోసం. లోపల ఊచ తుప్పు పట్టి ఉండగా పైన ఏ మందు పూసినా ఆ తుప్పు ఆగదు. వదులైన సిమెంటు రాలగొట్టి, ఊచను తుప్పు పోయేదాకా గీకి, బాగా తిని వేసినచోట కొత్త ఊచ కలిపి, అప్పుడు కాంక్రీటు నింపాలి. ఇది నాలుగు రోజుల్లో అయ్యే పని కాదు, చవకా కాదు. చవకగా నాలుగు రోజుల్లో చేస్తానన్నవాడు ఏం చేయబోతున్నాడో అక్కడే అర్థం చేసుకోవాలి. రశీదు లేకుండా తీసుకుంటే పన్ను తగ్గుతుందని మరో ఎర వేస్తారు. సిమెంటు మీద పన్ను 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం కాస్తా 18 అయింది. ఆ కాస్త పన్ను మిగిలిందని సంతోషించి రశీదు వదులుకుంటే, రేపు కమిషన్ ముందు చూపడానికి చేతిలో ఏమీ ఉండదు.

ఇళ్ల మీద సౌర పలకలు పెట్టిస్తామని తిరిగేవారు కొత్తగా తయారయ్యారు. పథకం మంచిదే. 2024 ఫిబ్రవరిలో కేంద్రం ప్రారంభించిన సూర్యఘర్ పథకం కింద మూడు కిలోవాట్లకు 78 వేల రూపాయలు సబ్సిడీ వస్తుంది. అయితే ఆ డబ్బు పలకలు బిగించి, మీటరు పెట్టిన తరువాత ఇంటివారి బ్యాంకు ఖాతాలోనే పడుతుంది. ముందుగా మాకు ఇవ్వండి, సబ్సిడీ మేము తెస్తాం అన్నవారిని, బ్యాంకు కార్డూ ఫోనుకు వచ్చే అంకెలూ అడిగినవారిని గుమ్మంలోనే ఆపాలి. పథకంలో నమోదైన సంస్థ పేరేనా అన్నది చూడాలి. పాత శ్లాబు ఆ బరువు మోస్తుందా, తుపాను గాలికి బిగింపు నిలుస్తుందా అని బందరు తీరాన అడగవలసిన ప్రశ్నను అమ్మేవాడు తానుగా ఎత్తడు.

బందరు, గుడివాడ పట్టణాల్లో పాత మండువా లోగిళ్లున్న వృద్ధులది ఇంకో చిక్కు. స్థలం ఇస్తే అపార్టుమెంటు కట్టి నాలుగు వాటాలు ఇస్తామని బిల్డర్లు వస్తున్నారు. ఇల్లు ఖాళీ చేయించి, పడగొట్టి, ఏళ్ల తరబడి నిలిపివేస్తే ఆ పెద్దవారు అద్దె ఇంట్లోనే వెళ్లిపోతారు. స్థలం ఇచ్చినవాడూ వినియోగదారుడేనని సుప్రీంకోర్టు 2008లో తేల్చింది. కాని ఇది పెద్ద ఆస్తి వ్యవహారం. ఇక్కడ సొంత తెలివి చాలదు, సొంత వకీలు చేత చదివించుకోకుండా సంతకం పెట్టరాదు. బిల్డరు తెచ్చిన వకీలు ఎంత మర్యాదస్థుడైనా బిల్డరు వకీలే.

చిన్న పనులకు కాగితం ఎలా ఉండాలి? స్టాంపు కాగితం లేకపోతే ఒప్పందం చెల్లదని ఒక భ్రమ ఉంది. నోట్‌బుక్ కాగితం మీద తెలుగులో రాసి, ఇద్దరూ సంతకం చేసి, వీధిలో ఇద్దరు సాక్షి సంతకాలు పెడితే, ఏం ఒప్పుకున్నారన్నది చూపడానికి చాలు. మేస్త్రీ పూర్తి పేరు, ఊరు, ఆధారు నకలు, పని ఏ గదిలో ఎన్ని చదరపు అడుగులు, కొలత గోడల లోపలా బయటా, సన్‌షేడు లెక్కలోకి వస్తుందా రాదా, ఏ రకం సిమెంటు, ఎంత లావు ఊచ, ఏ తేదీకి ముగింపు, మధ్యలో మానేస్తే ఏమి - ఇంతే. వేలిముద్ర వేసే మనిషి అయితే, రాసినదంతా చదివి వినిపించామని సాక్షి తన చేత్తో రాయాలి. రెండు ప్రతులు తీసి, ఒకటి ఇంట్లో ఉంచుకోవాలి. పని మొదలయ్యే ముందు, మధ్యలో, చివర ఫోనుతో ఫోటోలు తీసి పిల్లలకు పంపితే ఆ తేదీలే సాక్ష్యం అవుతాయి.

డబ్బు విషయంలో మా సలహా ఇది. బయానా పదోవంతుకు మించకూడదు. మిగతాది పనిని బట్టి - రాలగొట్టడం అయ్యాక కొంత, ఊచ కట్టాక కొంత, శ్లాబు పోశాక కొంత. చివరి పదోవంతు ఒక గట్టి వాన చూశాకే ఇవ్వాలి. మంచి మేస్త్రీ దీనికి అడ్డు చెప్పడు; చేతిలో పెట్టుబడి లేని మేస్త్రీకి సామాను డబ్బు కావాలంటే, ఆ డబ్బు సిమెంటు కొట్టుకే నేరుగా చెల్లించి రశీదు తమ పేర తీసుకోవచ్చు.

అయితే జాగ్రత్తలన్నీ ముసలివారి నెత్తినే వేసి ఊరుకోవడం న్యాయం కాదు. బీమా పాలసీ తీసుకున్నవాడికి, వద్దనుకుంటే 30 రోజుల్లోగా వాపసు ఇచ్చే హక్కు ఉంది. అమెరికాలో ఇంటికి వచ్చి అమ్మినవాడితో చేసుకున్న ఒప్పందాన్ని మూడు పనిదినాల్లోగా రద్దు చేసుకునే నియమం 1974 నుంచీ అమలులో ఉంది. యూరప్ దేశాల్లో ఆ గడువు 14 రోజులు. మన కోడూరు కుర్రవాడు టెక్సాస్‌లో తన ఇంటి గుమ్మంలో సంతకం పెడితే మూడు రోజులు ఆలోచించుకునే హక్కు ఉంది. కోడూరులో అతని తల్లికి లేదు. మన దేశంలో 2021 నాటి నిబంధనలు గొలుసుకట్టు తరహాలో నేరుగా సరుకులు అమ్మే కంపెనీలకు మాత్రం ఇటువంటి గడువు పెట్టాయి. ఇంటి పనుల ఒప్పందాలకూ, కనీసం అరవై దాటినవారి విషయంలో, అయిదు రోజుల గడువు పెట్టడానికి అభ్యంతరం ఏమిటి? వంద రూపాయల సబ్బులకు ఉన్న రక్షణ లక్ష రూపాయల శ్లాబుకు లేకపోవడం శోచనీయం. మన పార్లమెంటు సభ్యులూ, శాసనసభ్యులూ ఈ మాట సభల్లో ఎత్తాలి.

అది వచ్చేలోగా జిల్లా యంత్రాంగం చేయగలిగినదీ ఉంది. 2019 నుంచి పనిచేస్తున్న గ్రామ సచివాలయాల్లో ఇంజనీరింగ్ సిబ్బంది ఉన్నారు. గ్రామంలో ఒంటరిగా ఉండే వృద్ధులు కోరితే, పని మొదలయ్యే ముందు ఒకసారి వచ్చి కొలతలు చూసి, అడిగిన ధర సబబో కాదో చెప్పడం వారికి గంట పని. అవనిగడ్డ, గుడివాడ కోర్టుల్లోని న్యాయసేవా సంఘాలు కేసు పడకముందే ఇరుపక్షాలనూ పిలిచి లోక్ అదాలత్‌లో రాజీ కుదర్చవచ్చు. దానికి ఖర్చు లేదు, కుదిరిన రాజీ మీద అప్పీలూ లేదు. స్త్రీలు ఎవరైనా, ఆదాయంతో నిమిత్తం లేకుండా, ఉచిత వకీలును కోరవచ్చన్నది మన ఊళ్లలో తెలిసినవారు తక్కువ.

కలెక్టరు గారు ఈ సంక్రాంతి లోపున ఒక ఒప్పంద ఫారం అచ్చువేయించి, బందరు, గుడివాడ, అవనిగడ్డ ప్రాంతాల ప్రతి పంచాయతీకీ, పింఛన్లు పంచే ప్రతిచోటికీ పంపాలని మేము కోరుతున్నాం. వెనకవైపు కమిషన్ చిరునామా, 1915 నంబరు ఉంటే చాలు. ఫారం ఒక్క పేజీ దాటనక్కర లేదు. అక్షరాలు మాత్రం పెద్దవిగా ఉండాలి.